పధ్నాలుగు మెట్లు

రెండో దిండుకు గలీబు తొడిగి, లినెట్ మంచాన్ని అరచేత్తో గట్టిగా అదిమి చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయ తరిగి వెన్నలో వేయించింది. తినడానికి కాదు. అద్దె సామాన్ల ఇంట్లో ఆ కొత్త ప్లాస్టిక్ కంపు పోయి, మనుషులున్న ఇంటి వాసన రావాలని.

బీమా ఉన్న ఇల్లు కాలినా మునిగినా, అది బాగయ్యేదాకా ఆ కుటుంబానికి సామాన్లతో సహా ఓ ఇల్లు అద్దెకిచ్చే కంపెనీలో ఆమె పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మంచాలు జరిపి జరిపి కాయలు కాసిన చేతులు. నోట్లో నాలుక లేదని ఆఫీసులో పేరు. ఇంట్లో దిగేవాళ్ళ ఎదుటే, పొగ వస్తే కూసే స్మోక్ అలారం మోగించి చూపాలని నియమం. ఇల్లు కాలిపోయి వచ్చినవాళ్ళకు ఆ కూత వింటే ప్రాణం పోయినంత పనవుతుందని, ఆమె వాళ్ళు రాకముందే మోగించి చూసుకునేది. అలాంటి మనిషికి దండం పెట్టాలి.

లిస్మోర్ ఊళ్ళో వచ్చిన వరదలో క్లైవ్ అనే ఎనభైనాలుగేళ్ళ ముసలాయన ఇల్లు మునిగింది. మోకాళ్ళ నొప్పులని, కంపెనీ పొద్దున గుట్ట మీద మెట్లు లేని ఇల్లు చూపించింది. ఆయన గుమ్మం దగ్గరే మొండికేశాడు. తొమ్మిది రాత్రులుగా కారులో పడుకుంటున్నవాడు మళ్ళీ వెళ్ళి కారులోనే కూర్చున్నాడు. ఇంకో రాత్రి ఇలాగే గడిస్తే నాన్న దక్కడని కూతురు జెనీన్ లినెట్‌కు ఫోన్ చేసి ఏడ్చింది.

లినెట్ పుట్టింది తరచూ వరదలొచ్చే ఆ లిస్మోర్‌లోనే. అక్కడ ఇల్లెంత అని అడగరు, మెట్లెన్ని అని అడుగుతారు. గుట్ట మీదైనా సరే, నేలకు అంటుకున్న ఇంట్లో ఆ ఊరివాళ్ళకు కన్ను మూతపడదు. అందుకే ఎవరినీ అడగకుండా, స్తంభాల మీద నిలబడ్డ ఈ ఇంటి తాళాలు పట్టుకొచ్చింది.

మూడు గంటలకు జెనీన్ తండ్రిని ఎక్కించుకొచ్చిన కారు ఆగింది. క్లైవ్ అద్దం దించాడు.

"మెట్లెన్నమ్మా?"

"పధ్నాలుగు."

"సరిగ్గా లెక్కపెట్టావా? పొద్దున వాడెవడో ఇల్లని చెప్పి చాప చూపించాడు."

"మీరే ఎక్కి లెక్కపెట్టుకోండి పెద్దాయనా. ఒకటి తగ్గితే నన్ను తిట్టండి."

"తిట్టక వదుల్తానా!"

కమ్మీ పట్టుకుని ఎక్కాడు. ఏడో మెట్టు మీద చాలాసేపు ఆగాడు. లినెట్ ఒక మెట్టు కింద నిలబడిందే గాని చెయ్యి అందించలేదు. ఆయన పైకి చేరి, కిందికి తొంగిచూసి, "పర్లేదు, సరిపోద్ది" అని లోపలికి వెళ్ళాడు.

ఆమె కింద తన కారు దగ్గర ఖాళీ పెట్టెలు సర్దుతుంటే మేనేజరు ఫోన్ చేశాడు.

"మెట్లు వద్దని కాగితంలో స్పష్టంగా ఉంది కదా! ఆయన పడితే ఎవరిది బాధ్యత? సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు."

"సరే బాబూ. ఆయన్ని మాత్రం కదిలించకు."

"కదిలించన్లే" అన్నాడు మేనేజరు.

ఆమె ఫోను జేబులో వేసుకుంది. తాళాలు ఇవ్వడానికి పైకెక్కింది. జెనీన్ తలుపు దగ్గరకు వచ్చి గుసగుసగా చెప్పింది.

"పొద్దుండగానే నిద్రపోయాడక్కా. వరదొచ్చిన్నాటి నుంచీ బూట్లు కాళ్ళకే ఉంచుకుని పడుకునేవాడు, నీళ్ళొస్తే పరిగెత్తాలని."

లినెట్ తాళాలు ఆమె చేతిలో పెట్టి, చప్పుడు కాకుండా దిగి వెళ్ళిపోయింది.

పై మెట్టు మీద, బురద ఎండిన బూట్లు రెండూ తాళ్ళు వదులుచేసి పక్కపక్కనే ఉన్నాయి.