చెయ్యి తిరుగుతుండగా

చుట్టే మిషను పిడి తిరుగుతూనే ఉంది. రీలు మీది రాగితీగ అతని వేళ్ల మధ్య నుంచి జారి చెక్క అచ్చు మీద చుట్టుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. చుట్లు లెక్కపెడుతున్నాడు.

మేనకోడలు గడపలో నిలబడి చూస్తోంది. మోటార్లకు వైండింగ్ చేసే ఆ కొట్లో ఒకటే చట్టం. అతని చెయ్యి తిరుగుతుండగా ఎవరూ నోరెత్తకూడదు. లెక్క తప్పిందంటే తీగంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఆ పిల్లకు ముందు నేర్పింది నోరు మూసుకోవడమేనని అత్తయ్య ఎగతాళి చేస్తుంది.

చెయ్యి ఆగింది. తీగ కత్తిరించాడు.

"ఆఁ, ఇప్పుడు వాగు."

"ట్రైనింగ్‌లో చేరడానికి ఇవాళే ఆఖరు మావయ్యా. కంప్యూటరా, మోటార్లా? తేల్చి చెప్పు."

"కంప్యూటరే!" లోపలి గదిలోంచి అత్తయ్య అరిచింది. "చల్లగా కూర్చుని చేసుకునే పని. మీ మావయ్యని చూడు, బొగ్గుల బస్తాలా! చెవి పక్కన ఆ మసి మా పెళ్లి ఫొటోలో కూడా ఉంది."

"దిష్టిచుక్క అనుకోరాదూ!" అన్నాడు.

తిరిగే మోటారుకు స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడతను. లోపల అంతా బాగుంటే తేనెటీగల రొద. బేరింగు పాడైతే ఇసుక నలిగిన చప్పుడు. పిడికంటిన గ్రీజు చెవికంటుకుంటుంది. సబ్బుకు లొంగదు.

"కంప్యూటర్ తీసుకో," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. "కాలిన మోటారు ఇప్పుడెవరు చుట్టిస్తున్నారు? పీకి అవతల పారేస్తున్నారు."

"అంతేనా?"

"అంతే. వెళ్లు, ఆలస్యమవుతుంది."

వెళ్లింది. అతను మరో కాయిల్ మొదలుపెట్టాడు. ఎప్పుడో గానీ తప్పని లెక్క, ఎందుకో ఇవాళ రెండుసార్లు తప్పబోయింది. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. తన ఛాతీకే స్క్రూడ్రైవర్ ఆనించి వింటే ఏం వినిపిస్తుందో? నవ్వొచ్చింది.

మధ్యాహ్నం భోంచేసి బల్లకు తల ఆనించాడు. తడి వార్నిష్ వాసన గదంతా కమ్ముకుంది. కునుకులో, తను బాగుచేసిన ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలెట్టాయి. ఆ గాలికి ఊళ్లోని ఇళ్లు నేల విడిచి మెల్లగా తేలాయి. కిటికీల్లో కర్టెన్లు ఊగుతున్నాయి. ఏదో ఒక కిటికీలో మేనకోడలుంది. ఆమె ముందున్నది కంప్యూటరో, మోటారో ఎంత తొంగిచూసినా కనిపించలేదు.

మెలకువొచ్చేసరికి వీధిలో ఎండ పలచబడింది. చివరి కాయిల్ మిగిలింది.

సగం చుట్టేసరికి గడపలో నీడ పడింది. ఏది తీసుకున్నావన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆమె పెదవుల మీద వేలు పెట్టుకుంది. ముందు నీ లెక్క కానియ్ మావయ్యా, అన్నట్టు. కళ్లలో ఆ అల్లరి ఒకటి!

అప్పుడు చూశాడు. ఆమె చెవి పక్కన, తెల్లటి లోలాకు వెనక, నల్లగా గ్రీజు మరక.

లెక్క తప్పింది. ఇన్నేళ్లలో మొదటిసారి, విప్పాలనిపించలేదు. ఎక్కడో తేనెటీగలు రొద పెడుతున్నాయి. హాయిగా ఉంది. కళ్లు మూసుకున్నాడు. పిడి ఇంకొంచెం తిరిగింది, ఇంకొంచెం నెమ్మదిగా, ఆగింది.

ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది. అతని చెయ్యి పిడి మీదే ఉంది. తీగ ఇంకా కత్తిరించలేదు. అంటే పని అవలేదు. కళ్లు మూసుకుని లెక్క సరిచూసుకుంటున్నాడు కాబోలు. పెదవులు కదలడం లేదని ఆమె గమనించలేదు. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. మోటార్లే తీసుకున్నా. అక్కడి మాస్టారు ముందు పెట్టిన మోటారుకు స్క్రూడ్రైవర్ ఆనించి విని, బేరింగు పోయిందని చెప్పింది నేనే.

"వచ్చావటే? ఏది తీసుకున్నావ్?" లోపలి నుంచి అత్తయ్య.

"ష్... లెక్కలో ఉన్నాడు అత్తయ్యా," అంది గుసగుసగా.

రీలు నుంచి అచ్చు దాకా తెగని రాగితీగ, సాయంకాలపు వెలుగులో బంగారంలా మెరుస్తూ ఇంకా సన్నగా వణుకుతోంది.