కోడికూరకు మోగని ఫోన్లు

డేనియల్ ల్యాప్‌టాప్‌లో మళ్లీ 'చికెన్' అని కొట్టాడు. పరీక్షకని పక్కన పెట్టుకున్న ఫోన్ మళ్లీ మోగింది. పొద్దున్నుంచి అతను కొట్టిన చికెన్‌తో తార్నాక మొత్తానికీ పెళ్లిభోజనం పెట్టొచ్చు.

క్యాంపస్ హాస్టల్ మెస్ యాప్ అతను చేసిందే. మెస్ వాళ్లు ఆనాటి వంట పేరు రాస్తే అది క్లౌడ్ డేటాబేస్‌లో పడుతుంది. ఆ వంటకు సబ్‌స్క్రైబ్ చేసుకున్న పిల్లల ఫోన్లన్నీ మోగుతాయి. చికెన్ వండే ఆదివారాల్లో మాత్రం ఈమధ్య మోగడం లేదు. ఇవాళా మోగకపోతే యాప్ తీసేసి ఇనుప గంట కట్టిస్తానన్నారు వార్డెన్. కాంట్రాక్టు ఉద్యోగంలో డేనియల్‌కి ఇదే ఆఖరి రోజు. ఇన్నేళ్లూ ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగడం తప్ప, తనదని చెప్పుకోదగ్గ పని ఈ యాప్ ఒక్కటే. గంట చేతిలో ఓడిపోయి వెళ్లడం అతనికి ఇష్టం లేదు.

మనిషి సన్నం. ఎంత సన్నమంటే, అడిక్‌మెట్ బస్సులో కండక్టర్ ఒకసారి అతన్ని ఎవరో మర్చిపోయిన గొడుగనుకుని పక్కకు జరిపాడు. చొక్కా కాలర్ అరిగిపోయింది కానీ, ఇస్త్రీ మడతతో ఉల్లిపాయలు తరగొచ్చు.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెస్‌కు నడిచాడు. ఈమధ్యే చేరిన వంటమేస్త్రి ప్రమీలమ్మ పొయ్యి దగ్గరుంది.

"ఏంది డేనియల్ సారు, మీ యాపు మళ్ల అలిగిందా?"

"నేను రాస్తే మోగుతుందండీ. మీరు రాస్తేనే పలకట్లేదు. ఒకసారి నా ముందు రాయండి."

"నా మీదనే పగ వట్టినట్టున్నది."

ఆమె కొంగుకు వేలు తుడుచుకుని, మెస్ ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతికి రాసింది: కోడికూర. ఏ ఫోనూ మోగలేదు.

డేనియల్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ చూశాడు. పిల్లలు సబ్‌స్క్రైబ్ చేసుకున్నది చికెన్‌కి. పాపం, డేటాబేస్‌కి కోడితో పరిచయం లేదు.

"చికెన్ అని రాయొచ్చు కదండీ?"

"చికెన్ హోటల్ల దొరుకుతది సారు. నేను వండేది కోడికూర. గదే రాస్త."

గిన్నెలోంచి వచ్చిన మసాలా ఘాటు ఆమె పక్షమే పలికింది. డేనియల్ బియ్యం బస్తా మీద కూర్చుని, సబ్‌స్క్రిప్షన్‌లో 'చికెన్' పక్కన 'కోడికూర' కూడా చేర్చాడు.

"ఇప్పుడు రాయండి."

రాసింది. హాస్టల్ అంతస్తులన్నీ ఒక్కసారిగా మోగాయి. పావురాలు బెదిరి మల్కాజ్‌గిరి దాకా ఆగలేదు. మెట్ల మీద చెప్పులు టపటపలాడాయి.

"ఓర్నీ! నా కూరకు గింత లొల్లా?" అంటూ ప్రమీలమ్మ మొదటి గరిటె అతనికే వడ్డించింది.

మూల బల్ల దగ్గర కూర్చుని తీరిగ్గా తిన్నాడు. వార్డెన్ మారు వడ్డించుకున్నారు. గంట మాట ఎత్తలేదు. పిల్లల్లో ఎవరూ డేనియల్‌ని గుర్తుపట్టలేదు. అందరూ ఫోన్ చూసుకునే వచ్చారు. అతనికి కడుపు నిండింది.

చెప్పి వెళదామనుకున్నాడు కానీ, ప్రమీలమ్మ వరస తప్పిన పిల్లల మీద అరుస్తోంది. చేయి కడుక్కుని, ఆమె వైపు ఊపి, ఎండలోకి నడిచాడు.

మూల బల్ల మీద అతను తిన్న పళ్లెం అద్దంలా మెరుస్తోంది. అంచున ఒక్క కరివేపాకు, ఇంకా పచ్చగా.