దొంగ చుక్క

ఆ రాక్షసగ్రహానికి చందమామలకు కొదవ లేదు. వాటిలో ఒకటి మరీ నలుసంత. మిగతావాటికి దూరంగా, వంకర దారిలో, ఏళ్ల తరబడి తిరిగేది. కిందటేడు నాలుగైదుసార్లు కనబడి మాయమైంది. ఈ ఏడు టెలిస్కోపుతో తీసిన ఫోటోల్లో దొరక్కపోతే ఇక దాన్ని తప్పిపోయినట్టే రాసేస్తారు.

"పోతే పోనీ. ఒకటి తగ్గితే ఆ గ్రహానికేం లోటు?" అన్నారు డైరెక్టరుగారు.

దాన్ని మొదట చూసినావిడకు మాత్రం లోటే. ఆవిడను ఆఫీసులో అందరూ ఉడుము అంటారు. పట్టు అలాంటిది మరి. పక్క బల్ల దగ్గర కూర్చునేది స్వయానా అన్నగారి భార్య. ఇంట్లో ఉప్పు దగ్గర, ఇక్కడ లెక్క దగ్గర వదినామరదళ్లకు ఎప్పుడూ పేచీయే.

వాళ్ల పని ఇది. గ్రహం నడకను బట్టి ఫోటోలను జరుపుతూ ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. నక్షత్రాలు గీతలుగా సాగిపోతాయి, గ్రహంతో నడిచే చందమామ చుక్కగా నిలుస్తుంది. వెతికేవాళ్ల కన్నును పరీక్షించడానికి వదిన ముందుగానే ఫోటోల్లో కొన్ని దొంగ చుక్కలు కలుపుతుంది. వాళ్లు తేల్చి చెప్పేదాకా తను నోరు విప్పదు.

భోజనాల వేళకు ఉడుము తేల్చి చెప్పింది. లెక్క ఎక్కడ ఉండమందో సరిగ్గా అక్కడే చుక్క. ఆనందం పట్టలేక డైరెక్టరుగారిని కూడా పిలుచుకొచ్చింది.

వదిన నెమ్మదిగా అంది. "అది నేను పెట్టింది."

గది చల్లబడిపోయింది. డైరెక్టరుగారు సాయంత్రానికి పని ముగించమని చెప్పి వెళ్లిపోయారు.

"కావాలనే అక్కడ పెట్టావా వదినా?"

"కావాలనే. నువ్వు అక్కడ తప్ప ఇంకెక్కడా చూడవని నాకు తెలుసు."

ఉడుముకు ఒళ్లు మండిపోయింది. వదిన మీద సగం, తన మీద సగం. ఎదురుగా దొంగ చుక్క మెరుస్తుంటే చందమామ అని మురిసిపోయింది. ఎక్కడుందో వెతకడం మానేసి, ఎక్కడుండాలో చెప్పి కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. అన్నం డబ్బా పక్కకు నెట్టి, తన లెక్కంతా చెరిపేసి, ఫోటోను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జల్లెడ పట్టడం మొదలుపెట్టింది.

"కాస్త తినవే" అంది వదిన.

ఎండ వాలేసరికి గ్రహానికి అవతలివైపు ఒక మసక చుక్క తగిలింది. అంత దూరంలో ఎవరూ వెతకరు. చందమామ తను అనుకున్న వైపు కాక ఎదురు దిశలో తిరుగుతోందనుకుని మళ్లీ లెక్క కట్టింది. కిందటేడు కనబడిన చోట్లన్నీ ఆ దారిలోకి వచ్చి కూర్చున్నాయి. అయినా ఈసారి సంతోషపడటానికి భయమేసింది.

"ఇదీ నీదేనా?" అని అడిగింది.

వదిన తన కంప్యూటర్లో చూసింది. మరోసారి చూసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని మరదలి భుజం మీద చెయ్యి వేసింది.

"నాది కాదు. నీ చందమామే. ఎట్టకేలకు దొరికింది."

"అది ఎక్కడికీ పోలేదు వదినా" అంది ఉడుము. "నేనే అటు చూడలేదు."