బెంచి మేడమ్ క్లాసు

"తరవాత ఏమైందో చెప్పండి," అన్నాడు రైటర్, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

ఎదురుగా బల్ల అంచున కూర్చున్న దర్జీ గొంతు సవరించుకున్నాడు. షాపు షట్టరు వంచి కుట్టుమిషను ఎత్తుకుపోయారని చెప్పడానికి వచ్చినవాడు, ఆ మిషను కొన్ననాటి నుంచి మొదలుపెట్టి తన పెళ్ళి దాకా వచ్చాడు. ఇంకొకరైతే కసిరి ఉండేవాళ్ళే. రైటర్ కసరలేదు. వింటూ, పనికొచ్చే ముక్కను పనికిరాని ముక్కలోంచి ఏరుతూ రాసుకుపోయాడు. గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. కుడిచేతి మధ్యవేలికి పెన్ను ఆనేచోట బఠానీ గింజంత కాయ ఉంది. పొట్ట కాస్త ముందుకూ, జుట్టు కాస్త వెనక్కీ జరిగాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆ పోలీస్ స్టేషన్‌లో దొంగతనాలూ కొట్లాటలూ తప్పిపోయిన పిల్లలూ అన్నీ ఆ చేతిరాతలోనే ఉన్నాయి. ఇన్ని వేల పేజీలు రాసిన మనిషి తన మాటగా ఒక్క వాక్యం రాసుకోలేదు. అన్నీ ఎవరో చెప్పినవే.

దర్జీ వెళ్ళగానే కొత్తమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఆ స్టేషన్‌కి కానిస్టేబుల్‌గా వచ్చి అయిదేళ్ళయింది. అయినా అందరికీ కొత్తమ్మాయే.

"రైటర్ గారూ, ప్రమోషన్ పరీక్షకి నేనూ కడుతున్నా. ఎవరి దగ్గర చేరమంటారు?"

ఈ ప్రశ్న కోసం పక్క స్టేషన్ల వాళ్ళు కూడా ఆయన దగ్గరికి వస్తారు. ఆయన చెప్పిన చోట చేరి పదకొండు మంది పాసయ్యారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఆయనకే డ్యూటీలు వేస్తున్నారు. ఆయన మాత్రం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తప్పాడు. ఇది అయిదోసారి. వయసు లెక్కన ఇదే ఆఖరు. పరీక్షకి ఇంకా పందొమ్మిది రోజులున్నాయి.

"మైకు మాస్టారున్నాడు," అన్నాడు రైటర్ పెన్నుకి మూత పెడుతూ. "రిటైరయిన ఇన్‌స్పెక్టరు. హాల్లో రెండొందల మందిని కూర్చోబెట్టి సెక్షన్లు అరిపిస్తాడు. హాల్లో ఉన్నంతసేపూ అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. బయట బండి స్టార్ట్ చేసేసరికి సగం ఎగిరిపోతుంది."

"మా బ్యాచ్ వాళ్ళంతా ఫోన్లో చూస్తున్నారండీ, ఆ లాయరు క్లాసులు."

"బాగా చెప్తాడు. కాదనను. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. కానీ ఆ అబ్బాయి స్టేషన్ గడప తొక్కినవాడు కాదమ్మా. రక్తం కారుతూ వచ్చినవాణ్ణి ముందు ఆసుపత్రికి పంపాలా, కంప్లయింట్ రాసుకోవాలా అని అడగాలనుకో. ఎవర్ని అడుగుతావ్? ఫోన్నా?"

కొత్తమ్మాయి నవ్వింది. "మరి మీరు వెళ్ళేది?"

రైటర్ బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. "ఇవాళ ఆదివారం, బెంచి మేడమ్ క్లాసుంది, ఒక చోటు ఖాళీ కూడా ఉంది. రెండింటికి డ్యూటీ దిగుతాను. వస్తే చూపిస్తా."

బెంచి మేడమ్ ముప్పై ఏళ్ళు కోర్టులో జడ్జి ముందు కూర్చుని కేసు కాగితాలు చూసే బెంచి క్లర్కుగా చేసి దిగిపోయింది. పిల్లల్లేరు, భర్త పోయి చాలాకాలమైంది, తమ్ముడితో కలిసి ఉంటుంది. ఆదివారాలు ఇంటి ముందుగదిలో తొమ్మిది మందికి చెబుతుంది. పదోవాణ్ణి చేర్చుకోదు. "పది పేపర్లు చదివితే పదోదానికి అన్యాయం జరుగుతుంది," అంటుంది. పాఠం చెప్పడం తక్కువ. రాయిస్తుంది. రాసిన ప్రతి అక్షరం చదువుతుంది.

ఏడాది కిందట, మొదటిరోజు, నేరం కళ్ళారా చూసిన చిన్నపిల్లని ఎలా విచారించాలో రాయమంది. రైటర్‌కి తను ఎప్పుడో వాంగ్మూలం రాసుకున్న ఏడేళ్ళ పాప గుర్తొచ్చింది. బల్ల కిందికి దూరిన ఆ పాపతో మాట్లాడటానికి తనూ నేలమీద కూర్చున్న సంగతీ, ఆ పిల్ల తన జేబులోని పెన్ను అడిగి తీసుకుని గీతలు గీస్తూ గీస్తూ ఒక్కో మాటే చెప్పిన సంగతీ నాలుగు పేజీలు రాశాడు. గంట కొట్టేసరికి మిగతా ప్రశ్నలు ముట్టుకోనేలేదు.

మేడమ్ ఆ నాలుగు పేజీలూ నిదానంగా చదివింది. కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది.

"ఆ పిల్ల ఇప్పుడెలా ఉంది?"

రైటర్ రాసింది చదివి అలా అడిగిన మనిషి అంతవరకూ లేడు. కోర్టువాళ్ళు తేదీలు చూసుకునేవారు, ఆఫీసర్లు సంతకం పెట్టే చోటు చూసుకునేవారు.

"తెలీదండీ," అన్నాడు.

"జవాబు బాగుంది. కానీ తక్కిన అయిదింటికీ సున్నాలే. మీకు రానిది చట్టం కాదు రైటర్ గారూ. ఆగడం రాదు."

అప్పట్నుంచి ఆదివారం వస్తే ఆయన రెండో జత బూట్లకి పాలిష్ పెట్టేవాడు. "క్లాసుకా, పెళ్ళిచూపులకా?" అని భార్య ఆటపట్టించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. చెప్పడానికి ఏముంది గనక? వారమంతా ఊరివాళ్ళ మాటలు రాసే మనిషికి, తన మాటలు ఒకరు చదువుతారన్న ఆశతో వారం గడిచేది. అంతే. పోయిన ఆదివారం మొట్టమొదటిసారి గంట కొట్టకముందే ఆరు జవాబులూ ముగించాడు. మేడమ్ పేపరు అందుకుని, చివరి పేజీ తిప్పి చూసి, కనుబొమలెత్తింది. "వచ్చే ఆదివారం మాట్లాడుకుందాం," అంది. ఆ ఒక్కమాటా పట్టుకుని ఏడు రోజులు నెట్టాడు.

ఇద్దరూ సందు మలుపు తిరిగేసరికి గేటు ముందు చెప్పులు తొమ్మిది జతల కంటే ఎక్కువున్నాయి. క్లాసువాళ్ళు లోపలికి పోకుండా గోడవార నిలబడి ఉన్నారు. ఎవరూ పుస్తకం తెరవలేదు. స్టేషన్లో ఇన్నేళ్ళు చేసినవాడికి వేరే చెప్పనక్కర్లేకపోయింది. అయినా ఎవరైనా చెప్తే బాగుండుననిపించింది.

మేడమ్ తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. నెరిసిన గడ్డం, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

"పొద్దున్నే లేచి పేపర్లు ముందేసుకుని కూర్చుందండీ. నేను టీ తెచ్చేసరికి కుర్చీలోనే తల వాల్చేసింది. నిద్రపోయిందనుకున్నా." రైటర్ వైపు తిరిగి, "మీరేనా రైటర్ గారు? అక్క చెప్పేది. పోయినట్టు మునిసిపల్ ఆఫీసుకి కాగితం రాసివ్వాలట. నాకు చేతులాడటం లేదు," అన్నాడు.

లోపలి గదిలో ఆమెను పడుకోబెట్టారు. రైటర్ గడప దగ్గర నిలబడి ఒక నిమిషం చూశాడు. కళ్ళజోడు లేని ఆ మొహం ఆయనకి కొత్త. ముందుగదిలోకి వచ్చి, ఒక కుర్చీ లాక్కుని, ఒడిలో అట్ట పెట్టుకుని రాశాడు. పేరు, వయసు, చేసిన ఉద్యోగం, పోయిన వేళ. నాలుగు వరసలు. తరవాత రాయాల్సింది చాలా ఉంది. చేయి ముందుకు కదలబోయి ఆగింది. కింద చుక్క పెట్టి కాగితం తమ్ముడి చేతిలో పెట్టాడు.

"మీ పేపరు అక్కడే ఉందండీ, ఆ బల్ల మీద. తీసుకెళ్ళండి," అన్నాడు తమ్ముడు.

రైటర్ దగ్గరికి వెళ్ళాడు. పేజీలు బల్ల మీద పక్కపక్కనే పరిచి ఉన్నాయి. మొదటి మూడు జవాబుల పక్కన చిన్నచిన్న టిక్కులు. నాలుగోదాని కింద మార్జిన్లో, 'ఇక్కడ సరిగ్గా ఆగారు.' ఆ మాటని రెండుసార్లు చదివాడు. మూడోసారి అక్షరాలు కనబడలేదు.

కొత్తమ్మాయి మెల్లగా పక్కకి వచ్చింది. "ఇప్పుడు నేను ఎవరి దగ్గర చేరనండీ?" అంది. అని, అడక్కుండా ఉండాల్సిందని నాలిక కరుచుకుంది.

రైటర్ జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"రేపు డ్యూటీ ఎక్కే ముందు ఒక జవాబు రాసి పట్రా తల్లీ. నేను చదువుతాను."

"మీ పరీక్ష కూడా ఉంది కదండీ."

"నాదీ రాస్తాను."

పేపరు తీసుకోవడానికి చేయి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. దాన్ని కదపాలంటే ముందు ఆమె ఎర్ర పెన్నుని కదపాలి. మూత తీసినది తీసినట్టే, అయిదో జవాబు మొదటి వరస మీద అడ్డంగా పడుకుని ఉంది, పాళీ కొసన సిరా ఎండిపోయి.