రొట్టెకు అటు పక్క

మా ఆయన జెనన్‌కు కాలు ఒకచోట నిలవదు. రాజకీయాల్లోకి వెళ్లాక పట్టుకున్న జబ్బు కాదది. మా పెళ్లి విందులోనే సూప్ చల్లారిపోయేదాకా లేచి తిరుగుతూనే ఉన్నాడు. కాకపోతే అప్పట్లో ఆ తిరుగుడంతా మా పొలం గట్ల లోపలే ఉండేది. గోధుమ ధర పడిపోయిన ఏడాది ట్రాక్టరు తీసుకెళ్లి రాజధాని వార్సాకు పోయే రోడ్డుకు అడ్డం పెట్టాడు. వెనకే ఊళ్లో ట్రాక్టర్లన్నీ వెళ్లాయి. ఎవరో నోటి ముందు మైకు పెట్టారు. ఏం మాట్లాడాడో ఆయనకే గుర్తు లేదు గానీ, జనం మాత్రం టోపీలు ఎగరేశారు. ఆ మైకును మళ్లీ వదల్లేదు. రైతు సంఘం, జిల్లా, ఆ తర్వాత పార్లమెంటు. రెండుసార్లు గెలిచాడు. అక్కడ ఆయన పాల ధర గురించి అరుస్తుంటే, ఇక్కడ ఆ పాలు నేను పితుకుతున్నాను.

ఈ వేసవిలో నా మోకాళ్లు మొరాయించాయి. చెప్పేశాను.

"మళ్లీ ఎన్నికల్లో నిలబడ్డావో, ఆవుల్ని అమ్మేస్తా. తర్వాత నీ దారి నీది."

ఫోను చెవికి పెట్టుకుని పెరడంతా తిరుగుతున్నవాడు ఆగాడు. "అమ్మొద్దు లుచినా. ఈసారి నిలబడను. ఇంటికొచ్చేస్తా."

"పోయినసారీ ఇదే పాట పాడావులే."

"ఉత్తినే చెప్పడం కాదు. ఈ ఏడు కోతల పండక్కి రొట్టె మనిద్దరం మోద్దాం. ఊరంతా చూస్తుంది. అప్పుడైనా నమ్ముతావా?"

రొట్టె మోయడమంటే మాటలా? కొత్త పిండితో చేసిన ఆ పెద్ద రొట్టెను ఊరి తరఫున ఒక మగ రైతు, ఒక ఆడ రైతు మోసుకెళ్లి, వేదిక మీదున్న పెద్దమనిషి చేతిలో పెడతారు. ఆయన దాన్ని ముద్దు పెట్టుకుని, కోసి, అందరికీ పంచాలి. వేదిక ఎక్కడానికి పదవి ఉంటే చాలు. రొట్టె మోయాలంటే మాత్రం పొలంలో చెమటోడ్చాలి, అదీ ఊరు ఒప్పుకునేలా.

ఊరు అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? గ్రామ పెద్ద ఎడ్ముండ్ అందరి ముందూ అడిగేశాడు.

"ఏదీ, నీ చేతులు చూపించవోయ్ జెనన్. ఇవి చేతులా, పెళ్లికూతురి బుగ్గలా?"

అందరూ గొల్లుమన్నారు. జెనన్ మొహం కందిపోయింది. "కోతలయ్యాక చూడండ్రా నా చేతులు!"

అన్నట్టే కోత యంత్రం ఎక్కాడు. ఫోను నా చేతిలో పడేశాడు. అది మోగినప్పుడల్లా మెడ ఇటు తిరిగేది, అయినా దిగలేదు. రాత్రికి దుమ్ము కొట్టుకుపోయి వచ్చి, ఉడికించిన దుంపలు, పెరుగు తిని, బల్ల మీదే తల వాల్చి నిద్రపోయేవాడు. నిజం చెప్పొద్దూ, పెళ్లైన కొత్తలో కూడా నేనంత సంతోషంగా లేను. చివరికి ఎడ్ముండ్ కూడా సరేనన్నాడు.

పండగనాడు చర్చి నుంచి మైదానం దాకా రొట్టెకు చెరో పక్క పట్టుకుని నడిచాం. నార గుడ్డ కింద ఆయన వేళ్లు నా వేళ్లకు తగులుతున్నాయి.

"మెల్లిగా నడువయ్యా, బస్సేమన్నా వెళ్లిపోతోందా?"

"నడుస్తూనే ఉన్నాగా."

"నడవడం కాదు, లాక్కెళ్తున్నావు."

వేదిక దగ్గరికి వచ్చేసరికి మైకులో ఆయన పేరు వినిపించింది. "మన పార్లమెంటు సభ్యులు!" అనగానే చప్పట్లు మోగాయి. పైనుంచి జిల్లా అధ్యక్షుడు చెయ్యి చాపాడు.

"ఒక్క నిమిషం పట్టుకో, లుచినా" అని జెనన్ రొట్టె నాకు వదిలి మెట్లెక్కాడు.

వరసగా అందరికీ కరచాలనం చేస్తూ పోయాడు. రొట్టె అందుకోవాల్సిన మేయరు మర్యాదకు పక్కకు జరిగాడు. జెనన్ ఆ ఖాళీలో నిలబడ్డాడు. బ్యాండు ఆగింది. దిగుతాడు, ఇప్పుడు దిగుతాడు అని చూస్తున్నాను. ఆయన నా వైపు తిరిగి, నిండుగా నవ్వి, రెండు చేతులూ చాపాడు.

"ఒరేయ్ జెనన్, దిగరా! నీ చోటు అది కాదురా!" అని ఎడ్ముండ్ పళ్లు నూరాడు. కెమెరాల వైపు చూస్తున్న మనిషికి అది వినబడలేదు.

వెనక్కి తిరిగి పోదామనిపించింది. కానీ అది ఊరి రొట్టె, దాన్ని నేలన పెట్టలేను. మెట్లెక్కాను. ఆనవాయితీగా అనాల్సిన మాటలు అన్నాను. "ఇది ఈ ఏటి పంట. న్యాయంగా పంచండి, ఎవరికీ తక్కువ కాకుండా."

జెనన్ రొట్టెను ముద్దు పెట్టుకున్నాడు. తల ఎత్తి చూస్తే నా పక్కన ఎవరూ లేరు. నవ్వు చప్పున ఆగిపోయింది.

"లుచినా... నేను అక్కడ కదా..."

"కొయ్యి. జనం చూస్తున్నారు."

కోశాడు. పంచడం ఆయనకు బాగా వచ్చు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తూ, ముక్క చేతిలో పెట్టి భుజం తట్టాడు. చివరికి నా దగ్గరికొచ్చి నా చేతిలోనూ ఒక ముక్క పెట్టాడు.

"వచ్చే ఏడు తప్పకుండా మోద్దాం. నాదీ పూచీ" అంటూ నా భుజం కూడా తట్టాడు.

రోడ్డు వేయిస్తానని ఊళ్లో చెప్పేటప్పుడు ఆయన గొంతు సరిగ్గా ఇలాగే ఉంటుంది. అబద్ధమని తెలిసి చెప్పే గొంతు కాదది, అందుకే జనం నమ్ముతారు. ఏడుపు తన్నుకొచ్చింది, రొట్టెతో పాటే మింగాను.

మళ్లీ నిలబడతాడని తెలుసు. ఓటు మాత్రం ఆయనకే వేస్తాను. ఇంటికి రమ్మని ఇక అడగను.