తొమ్మిదో కమాను పట్టీ

పనసలా ఒంటినిండా ముళ్ళుండే దురియన్ కాయల కోతల రోజుల్లో సనిత్ ప్రతి సోమవారం పొద్దున్నే పికప్పు నిండా కాయలు ఎత్తుకుని, ఖ్లుంగ్ రోడ్డు మీదుగా ప్యాకింగ్ షెడ్డుకి బయల్దేరేవాడు. మధ్యలో లమై షాపు దగ్గర ఆగేవాడు. ఆగడానికి కారణం ఎప్పుడూ ఒకటే. బండి కుడివైపుకి, అంటే తను కూర్చున్న వైపుకి, వంగిపోతోంది.

"కమానులు మళ్ళీ కూర్చుండిపోయాయి ఛాంగ్," అనేవాడు కిటికీలోంచే.

ఛాంగ్ అంటే అక్కడి మాటలో మిస్త్రీ. లమైని ఊరంతా అలాగే పిలుస్తుంది. కాపురం పొసగక ఇరవై ఏళ్ళ కింద పుట్టింటికి వచ్చేసి, తండ్రి పక్కన సుత్తి పట్టుకుంది. తండ్రి పోయాక ఆ రేకుల షాపు ఆమెదే అయింది. నలభై కిలోమీటర్ల మేర, వెనక చక్రాల మీద బండి బరువు మోసే కమాను పట్టీలు విప్పి, సాగగొట్టి, వంపు తిప్పి బిగించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇక సనిత్ సంగతా, చెట్టు మీదున్నవాడు కోసి వదిలిన దురియన్ కాయని కింద గోనెపట్టాతో ఒక్క ముల్లు విరక్కుండా పట్టుకోవడంలో అతనంతటివాడు లేడు. భార్య పోయి తొమ్మిదేళ్ళు. వయసు యాభై ఒకటి. మొహమాటానికి మాత్రం వయసు లేదు.

ఆ ప్రాంతంలో చెప్పకుండా దాచుకున్న మాటకి బరువుంటుంది. బియ్యానికి ఉన్నట్టే, ఇసుకకి ఉన్నట్టే. కోడలు అత్తగారితో అనలేని మాటలు మోసుకుని పడవెక్కితే, పడవవాడు ఆమెను నడిమధ్యన కూర్చోబెడతాడు. ఎవరి బండైనా ఉన్నట్టుండి కుంగితే, చూసినవాళ్ళు తల ఎత్తి ఆకాశం వైపు చూసి వాన సంగతి మాట్లాడతారు. అది మర్యాద. చలుయ్ పెద్దమ్మ ఒక్కతే దీనికి మినహాయింపు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి డెబ్భై ఆరేళ్ళు వచ్చినా ఏ బండి ఎక్కినా దూది మూట ఎక్కినట్టే ఉంటుంది. సనిత్ పొరుగు ఇల్లు ఆవిడది.

సనిత్ బండి ఎందుకు వంగుతోందో ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. సనిత్‌కీ తెలుసు. కానీ కమానుల మీద నెపం పెడితే వారానికోసారి లమైని చూడొచ్చు. అడిగేస్తే, ఆమె కాదంటే? అంత మంచి మిస్త్రీని పోగొట్టుకుని బండి ఎక్కడ బాగుచేయించుకోవాలి? ఈ లెక్క అతనికి చాలా తెలివైనదిగా తోచేది.

మొదట ఐదు పట్టీలున్న కట్టకి ఆరోది వేయించాడు. లమై వేసింది, వేస్తూ చెప్పింది. కమాను ఒక్కటీ మారిస్తే సరిపోదట. బండి ఎత్తు పెరిగింది కనక పాత షాకబ్జర్లు అందక చస్తాయట. అన్నట్టే వారానికి రెండు షాకబ్జర్లూ నూనె కక్కాయి. అవి మార్చి ఏడో పట్టీ వేసేసరికి, ఇంజన్ నుంచి వెనక చక్రాలకి పోయే షాఫ్టు కోణం తప్పి, పళ్ళు టకటకలాడేంత అదురు మొదలైంది. దానికింద బిళ్ళలు పెట్టి ఆ అదురు తీసింది. ఎనిమిదోది వేశాక వెనక భాగం లేచి ముందు లైట్లు నేలకి వాలాయి, సాయంత్రాలు దూరపు రోడ్డు బదులు ముందు చక్రాల దగ్గరి చీమల్ని వెలిగించడం మొదలుపెట్టాయి. చలుయ్ పెద్దమ్మ తన గుమ్మంలోంచి, "ఏరా, చీమల్ని వెతుకుతున్నావా?" అని అడిగింది. లైట్లు పైకి ఎత్తడానికి ఇంకో సోమవారం పట్టింది.

ఆ సోమవారమే, లైటు మర తిప్పుతూ, లమై మామూలుగా చెప్పినట్టు చెప్పింది. రయోంగ్‌లో ఉన్న అన్నయ్య తన టైర్ల షాపు చూసుకోమని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. ఇక్కడ ఆగమనేవాళ్ళు ఎవరూ లేరు కదా, సరే అనేసింది. ఈ పున్నమి దాటగానే సామాను తీసుకెళ్ళడానికి లారీ వస్తుంది.

సనిత్ నోరు తెరిచాడు. "మంచిదే కదా," అన్నాడు.

బండి కుడివైపు టైరు పైరేకుకి రాసుకునేదాకా దిగిపోయింది. లమై చూసింది. తల ఎత్తి ఆకాశం వైపు తిరిగింది.

"సాయంత్రానికి వానొచ్చేలా ఉంది," అంది.

"అవును. ఛాంగ్, వెళ్ళేలోపు ఇంకో పట్టీ వేయగలరా?"

ఆమె తొమ్మిదో పట్టీ తీసి కొలిమిలో పెట్టింది. ఆ రోజు సుత్తి దెబ్బలు అవసరానికి మించి గట్టిగా పడ్డాయని పక్క షాపులో నూడుల్స్ అమ్మే ఆమె తర్వాత అందరికీ చెప్పింది.

తొమ్మిది పట్టీలతో బండి కుంగడం మానేసింది. కాయలెత్తినా, సనిత్ ఎక్కినా వెంట్రుకవాసి దిగలేదు. పరీక్షకి లమై పక్కసీట్లో కూర్చుని వంతెన దాకా వచ్చింది. ఆమె ఈ బండి ఎక్కడం అదే మొదటిసారి. ఎక్కేటప్పుడు సనిత్ ఎడమవైపు చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు. ఆమె మనసులో తనకోసం దాచిన మాటేమీ లేదన్నమాట. తేలిపోయింది కదా అనుకుని ఇంటికి వచ్చి, తిండి సయించక, మెట్టు మీద కూర్చున్నాడు. మెట్టు విరిగింది. అరుగు మీదకి మారాడు. అరుగు బీట వేసింది. బండి మోయని బరువు ఎక్కడో ఒకచోట దిగాలి కదా.

ఆ పట్టీలు పళ్ళకీ అచ్చిరాలేదు. గుంత తగిలితే బండి మేకపిల్లలా గెంతింది. ముళ్ళు విరిగిన కాయలు ఎగుమతికి పనికిరావని షెడ్డువాళ్ళు రెండు బుట్టలు పక్కన పెట్టేశారు. గురువారం ఇంకో లోడు వేసుకుని, గుట్ట మీది బౌద్ధ విహారంలో భిక్ష ఇచ్చొస్తున్న చలుయ్ పెద్దమ్మని దారిలో ఎక్కించుకుని కిందికి దిగుతున్నాడు. మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. బండి వినిపించుకోలేదు. మళ్ళీ తొక్కాడు. ముందు చక్రాలు కీచుమన్నాయి, వెనకవి హాయిగా దొర్లుకుంటూ వచ్చాయి. రోడ్డు పక్కన వెదురు దండేల మీద రబ్బరు షీట్లు ఆరేసి ఉన్నాయి. వరసగా నాలుగు దండేలు తెంపుకుని, అరవై షీట్లు ఒంటికి చుట్టుకుని బండి ఆగింది.

లోపల చీకటి, రబ్బరు కంపు. ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దమ్మ ఒళ్ళో క్యారియర్ సర్దుకుంది.

"అడగందే అమ్మైనా పెట్టదురా నాయనా. ఇంకో పట్టీ వేయించుకునే బదులు ఆ పిల్లని ఒక్క మాట అడిగి చావు. నువ్వు అడక్క నన్ను చంపేట్టున్నావు."

కబురు అందుకుని లమై మోటారుసైకిలు మీద వచ్చింది. ఇద్దర్నీ తలనుంచి కాలిదాకా చూసింది. బండి కిందికి దూరింది. కాసేపటికి సనిత్‌ని కూడా రమ్మంది. అతను పక్కన వెల్లకిలా పడుకుంటే, వెనక ఇరుసు దగ్గర వేలెడంత కడ్డీని చూపించింది.

"బండి వెనక భాగం ఎంత కుంగితే ఈ కడ్డీ అంత పైకి లేస్తుంది. అది ఎంత లేస్తే వెనక బ్రేకు అంత గట్టిగా పడుతుంది. మీ బండి కుంగనే కుంగదు. ఇక దీనికేం తెలుస్తుంది? టన్నున్నర కాయలున్నా ఖాళీ బండే అనుకుంటుంది."

"అంటే, బరువు లేక కాదు."

"లేక కాదు. దానికి కనబడక."

సనిత్‌కి అప్పుడు తట్టింది. తనూ ఆ కడ్డీలాగే ఆ రోజు ఆమె కూర్చున్న పక్కసీటు చూసి ఖాళీ అనేసుకున్నాడు. తొమ్మిది పట్టీల మీద ఏనుగుని ఎక్కించినా ఏం తెలుస్తుంది? తన బరువు నలుగురికీ కనబడకూడదని బిగించుకున్నాడు. ఎదుటిమనిషి బరువు తనకి కనబడకుండా పోతుందని తోచలేదు. సిగ్గేసింది, ఆ వెంటనే ఆశ కూడా పుట్టింది. ఆశ పుట్టేసరికి వీపు కింద నేల కాస్త మెత్తబడి దిగినట్టయింది.

"నాలుగు పట్టీలూ తీసేయండి ఛాంగ్," అన్నాడు.

"కోతల మధ్యలోనా? లోడు ఎలా తీసుకెళ్తారు?"

"రెండు సార్లు తిరుగుతాను. తీసేయండి."

మర్నాడు మధ్యాహ్నానికి కట్టలో పాత ఐదు పట్టీలే మిగిలాయి. షాఫ్టు కింద బిళ్ళలు తీసేసి, లైట్లు సరిచేసి, ఆ కడ్డీని పాత చోటికి బిగించి లమై చేతులు తుడుచుకుంది. సనిత్ ఎక్కి కూర్చున్నాడు. బండి కుడివైపుకి, ఏ సిగ్గూ లేకుండా, ఎప్పటికంటే జానెడు ఎక్కువ దిగింది. అతను వంగి ఎడమ తలుపు తీశాడు.

"పరీక్షకి వస్తారా?"

లమై తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. పని ఉందంది. ఏం పని అని అతను అడగలేదు, తలుపూ వెయ్యలేదు. పక్క షాపు నూడుల్స్ ఆమె గిన్నె కింద పెట్టి మరీ ఆకాశం వైపు చూస్తోంది. లమై గుడ్డని బల్ల మీద పడేసి, వచ్చి, ఎక్కింది.

ఎడమవైపు దిగింది. కుడివైపుతో సమానంగా వచ్చి ఆగుతుందనుకున్నాడు సనిత్, ఆగలేదు. టైర్లు పైరేకుకి తగిలాయి, కమానులు వీపు వంచి చతికిలబడ్డాయి, బండి పొట్ట షాపు ముందున్న కంకరకి ఆనింది. అతను గేరు వేసి చూశాడు. చక్రాలు కదల్లేదు.

ఇద్దరూ అద్దంలోంచి ఆకాశం వైపు చూశారు. మచ్చుకైనా ఒక్క మబ్బు లేదు.

"వానొచ్చేలా..." అంది లమై.

"రాదు," అన్నాడు సనిత్. "లమై, నువ్వు రయోంగ్ వెళ్ళొద్దు. నాకు సోమవారాలు చాలడం లేదు. మా ఇంటికి వచ్చి నాతో ఉండు, షాపు ఇక్కడే ఉంచుకో. ఇష్టం లేకపోతే చెప్పెయ్. బండి వేరేచోట బాగుచేయించుకుంటాను, ఏమీ అనుకోను."

కుడివైపు కమాను మూలుగుతూ లేచింది. సీటు ఎడమకి ఏటవాలైంది. సనిత్ స్టీరింగు పట్టుకున్నా ఆగలేక ఆమె భుజం మీదికి జారాడు. ఆమె తోసెయ్యలేదు.

"నా మాట వింటే మీకు కోపం వస్తుంది," అంది.

"రానీ."

"మీ కమానులకి ఏ రోగమూ లేదు. ఐదు పట్టీలు చాలు. ఆరోది వేస్తే షాకబ్జర్లు పోతాయని తెలిసే వేశాను. అవి పోతే మీరు మళ్ళీ రావాలి. ఏడోది వేస్తే షాఫ్టు, ఎనిమిదోది వేస్తే లైట్లు. ఒకటి కదిపితే ఇంకొకటి చెడుతుంది, దానికోసం ఇంకో సోమవారం మీరు వస్తారు. బ్రేకు సంగతీ తెలుసు. వెళ్ళేలోపు ఇంకొక్క సోమవారం ఉంటుందని దాన్ని దాచుకున్నాను." ఆమె బ్రేకు పెడలు వైపు చూసింది. "మీరు గురువారం గుట్ట ఎక్కుతారని అనుకోలేదు. మీకేమన్నా అయ్యుంటే..."

మొహానికి చేతులడ్డం పెట్టుకుని ఏడ్చింది. గ్రీజు బుగ్గలకి అంటుకుంది. సనిత్‌కి కోపం వచ్చిన మాట నిజమే. రెండు బుట్టల దురియన్, నాలుగు దండేలు, ముసలావిడ ప్రాణం. కానీ, ఇంత నైపుణ్యం ఉన్న మనిషి అంతా వాడి తనకోసం ఒక బండిని భాగం తర్వాత భాగం చెడగొట్టుకుంటూ వచ్చిందన్న ఆలోచన ముందు ఆ కోపం నిలవలేదు. నవ్వొచ్చేసింది. ఆమె వేళ్ళ సందుల్లోంచి చూసి, అతను నవ్వుతున్నాడని తెలుసుకుని, తనూ మొదలుపెట్టింది. ఎడమవైపు కమాను లేచింది. బండి నేల విడిచి, అచ్చం తయారైన రోజున ఉన్నట్టు, నాలుగు చక్రాల మీదా సమంగా నిలబడింది.

పున్నమి దాటిన మర్నాడు రయోంగ్ నుంచి అన్నగారి లారీ వచ్చింది. సామాను కనబడక డ్రైవరు షాపంతా తిరిగి చూశాడు. కొలిమి వెలుగుతోంది, గోడకి పనిముట్లు ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి. బల్ల మీద పుల్లటి చముంగ్ ఆకు వేసిన పంది కూర, అన్నం పెట్టి, సనిత్ అతన్ని తినమన్నాడు. తిన్నాక లారీలోకి దురియన్ బుట్టలు ఎక్కించారు. లమై స్వయంగా వెనక తలుపు గొళ్ళెం వేసి, రుచిలో తేడా లేదు కనక ముళ్ళు విరిగినవి ఇంటిమనిషైన వదినగారికి, మంచివి ఇరుగుపొరుగుకి ఇమ్మని చెప్పింది.