ష్వామెండింగెన్ నాకు తెలుసు

"రష్మీ, దారి తప్పానమ్మా," అన్నారు నాన్న.

నేనప్పుడు అమెరికాలో, చాండ్లర్‌లోని మా కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ పార్కింగ్ లాట్‌లో, కార్లో కూర్చుని కాఫీ తాగుతున్నాను. పొద్దున పది దాటింది. నాన్న ఉన్నది జ్యూరిక్‌లో, మా చెల్లెలు గీతాంజలి ఇంట్లో. వెళ్ళి వారం కూడా కాలేదు. అక్కడ సాయంత్రం ఆరు దాటి ఉంటుంది. డిసెంబరు కాబట్టి ఎప్పుడో చీకటి పడిపోయి ఉంటుంది.

"గీత ఏది నాన్నా?"

"ఇంకా రాలేదు. ఫోన్ కలవట్లేదు. ట్రామ్ దిగే చోటుకి ఎదురెళ్దామని బయల్దేరా."

"భోంచేశారా?"

"ఇంజెక్షన్ చేసుకున్నా. అమ్మాయి వచ్చాక కలిసి తిందాంలే అనుకున్నా."

షుగర్ మనుషులున్న ఏ ఇంట్లోనైనా తెలిసిన సంగతే, ఇన్సులిన్ పొడుచుకున్నాక అరగంటలో అన్నం కడుపులో పడాలి. నిరుడు మా ఇంట్లో ఇలాగే ఆలస్యమైతే నాన్న సోఫాలోంచి నేల మీదికి జారిపోయారు. అంబులెన్సు వాళ్ళు వచ్చి లేపారు. అప్పుడు పక్కన నేనున్నాను కాబట్టి సరిపోయింది.

"జేబులో చాక్లెట్ ఉందా?"

"అది నా కోట్లో ఉంది. ఇది అల్లుడి కోటు. నాది తడిసిందమ్మా."

అల్లుడు ఊళ్ళో లేడు. నాన్న చేతిలో ఉన్నది గీత కొనిచ్చిన బటన్ ఫోను. అందులో ఉన్నవి మా అక్కచెల్లెళ్ళ నంబర్లు మాత్రమే. లొకేషన్ పంపించమంటే ఎక్కణ్ణుంచి పంపిస్తారు?

"కంగారు పడకండి. ష్వామెండింగెన్ నాకు కొట్టిన పిండి. నేను చెప్పినట్టు నడవండి," అన్నాను.

గొప్పలకి అన్న మాట కాదు. ఆరేళ్ళు ఉన్నాను అక్కడ. జ్యూరిక్ ఊరి చివర ఒకప్పుడు పొలాలు చేసుకునే పల్లె అది. నగరం దాన్ని తనలో కలిపేసుకుంది. యుద్ధం అయ్యాక పనివాళ్ళ కోసం సొసైటీలు వరసలు వరసలుగా ఇళ్ళు కట్టించాయి. అన్నీ ఒకేలాంటి కప్పులు, ఒకేలాంటి పచ్చిక, ఒకేలాంటి పొదలు. మొదటి నెలలో నేనే రెండుసార్లు పక్కవాళ్ళ తలుపులో నా తాళంచెవి పెట్టాను. అంత ముచ్చటగా కట్టుకున్న పేట నడిబొడ్డులోంచి తర్వాత హైవే వేసి పారేశారు. రాత్రీ పగలూ ఒకటే హోరు. దాని పైన కప్పు వేసి మూసేయమని జనం అప్పటికే ఏళ్ళ తరబడి పోరాడుతున్నారు. మూస్తాం మూస్తాం అని ప్రభుత్వం చెబుతూనే ఉంది. వాళ్ళు మూసినప్పుడు చూద్దాంలే అని నవ్వుకునేదాన్ని. తవ్వకాలు మొదలైన ఏడాదే నేను అమెరికా వచ్చేశాను. ఆ తర్వాత మా పక్క సందులోనే గీతకి ఇల్లు దొరికింది.

అక్కడి మనుషుల గురించి కూడా నాకు బాగా తెలుసనే అనుకునేదాన్ని. కింద లాండ్రీ గదిలో మనది కాని రోజున రెండు చొక్కాలు ఉతుక్కుంటే తలుపుకి చీటీ. పోపు ఘాటు మెట్ల మీదికి వస్తే ఇంకో చీటీ. అంత దగ్గర గోడల మధ్య బతుకుతూ మొహం మొహం చూసి ఒక్క మాట అనరు. వీళ్ళని కదపకుండా ఉంటేనే మర్యాద అని అప్పుడే తేల్చేసుకున్నాను.

"నాన్నా, హైవే హోరు వినండి. అది కుడిచేతి వైపు ఉండేట్టు నడిస్తే ఇల్లొచ్చేస్తుంది."

"హోరేం లేదమ్మా."

"సరిగ్గా వినండి నాన్నా!"

"నా చెవులకేం? ఎక్కడా బండి చప్పుడు లేదు."

ష్వామెండింగెన్‌లో హైవే చప్పుడు వినబడని చోటంటూ ఉండదు. నాకు చిరాకేసింది. చుట్టూ ఏముందో చెప్పమన్నాను. కంకర బాట ఉందట. మొక్కలు, బెంచీలు ఉన్నాయట. మెట్లు కనిపిస్తే అవతల ట్రామ్ ఉంటుందనుకుని ఎక్కారట. ఇళ్ళ లైట్లు కిందుగా కనిపిస్తున్నాయట.

నాకు వెంటనే అర్థమైపోయింది. ఆ పేటలో ఎత్తున్నది ఒక్క చోటే, వెనకనున్న అడవి కొండ. చలికాలం చీకట్లో అక్కడికి పురుగు కూడా రాదు.

"ఎవరినైనా అడగనా?" అన్నారు నాన్న.

"వద్దు. ఎవర్నీ కదపకండి. చీకట్లో తెలియని మనిషి దగ్గరికొస్తే హడలిపోతారు. నేనున్నాగా. హోరు వినిపించేదాకా అలాగే ముందుకి నడవండి."

ఆ ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆఫీసు ఫోన్‌తో గీతకి చేశాను. మూడోసారికి ఎత్తింది. బాసెల్ నుంచి వచ్చే రైలు దారిలో ఆగిపోయిందట. సంగతి చెప్పాను.

"అడవిలోనా? అంత దూరం ఎలా వెళ్తారక్కా? ఒక్క నిమిషం ఆగు, అక్కడ ఇప్పుడు..."

"నాకు చెప్పకు గీతా! ఆరేళ్ళున్నాను. ముందు పోలీసులకి కాల్ చేసి అడవి వైపు పంపించు."

పెట్టేశాను. చిన్నప్పట్నుంచీ అది నా మాటకి ఎదురు చెప్పి ఎరగదు.

స్పీకర్లో నాన్న ఆయాసం వినిపిస్తోంది. కంకర మీద అడుగులు ఒకటి పడి, ఆగి, ఇంకొకటి పడుతున్నాయి.

"చెమటలు పోస్తున్నాయమ్మా. కూర్చోనా?"

"కూర్చుంటే లేవలేరు. నడవండి."

"ఇది కొండ కాదు రష్మీ, శ్లాబు."

"ఏంటీ?"

"శ్లాబు మీద మట్టి పోశారమ్మా. అడుగున సన్నగా అదురుతోంది."

నాన్న ఒంగోలు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. షుగర్ పడిపోయి పాత ఉద్యోగం గుర్తొస్తోందనుకున్నాను. భయంతో కోపం ముంచుకొచ్చింది. "మాటలాపి నడవండి నాన్నా!" అని కసిరాను. ఆయన నోరు మూసుకుని నడిచారు.

కాసేపటికి అడుగులు ఆగిపోయాయి. ఏదో మీద కూలబడిన చప్పుడు. మాట ముద్దగా వచ్చింది.

"జ్ఞానా, కాస్త మజ్జిగ ఇయ్యి."

జ్ఞానప్రసూన మా అమ్మ. పోయి నాలుగేళ్ళయింది.

అంతలో ఆఫీసు ఫోన్ మోగింది. గీత పరుగెత్తుతోంది, దాని ఊపిరి గాలిదుమారంలా చెవిలో కొట్టింది.

"అక్కా, నోరు మూసుకుని విను! నాన్న అడవిలో లేరు. హైవే మీదున్నారు!"

"హైవే మీదేంటే?"

"మూసేశారక్కా దాన్ని! పైన పార్కు కట్టారు, కిలోమీటరు పొడుగున. మేలో తెరిచారు. నీకు ఫొటోలు పంపించా కదా, బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నావు! పోలీసులకి మళ్ళీ కాల్ చేశా, అంబులెన్స్ ఇటే వస్తోంది. నేను ట్రామ్ దిగా. నాన్న ఏ చివర ఉన్నారు?"

ఆ ఫొటోలు నేను తెరిచి కూడా చూడలేదు. జనం కొట్లాడి కొట్లాడి ఆ హోరుని కాంక్రీటు పెట్టెలో పెట్టించుకున్నారు. వినిపించని ఆ హోరుని పట్టుకుని నేను మా నాన్నని ఇంటి నుంచి ఇంకా ఇంకా దూరం నడిపించాను. మెట్లెక్కిన చోట ఆగిపొమ్మని ఉంటే ఇల్లు అక్కడే ఉంది.

"నడిపించా గీతా. రెండో చివరికి వచ్చేసుంటారు," అన్నాను. అది ఫోన్ పెట్టేసింది.

"నాన్నా! నాన్నా, పలకండి!"

పలకలేదు. కారు బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. మా టీమ్ వాళ్ళు బ్యాడ్జీలు ఊపుకుంటూ లోపలికి పోతున్నారు. నేను అద్దాలు బిగించుకుని లోపల గొంతు చించుకుంటున్నాను. తొమ్మిది వేల కిలోమీటర్ల అవతల నుంచి ఒక చక్కెర పలుకు కూడా ఆయన నోట్లో వెయ్యలేను.

అప్పుడు కంకర మీద గబగబా అడుగులు వినిపించాయి. ఎవరో ఆడమనిషి జర్మన్‌లో పిలుస్తోంది, వినబడుతోందా అని. నేర్చుకున్న భాషంతా ఎటు పోయిందో, "త్సుకర్! త్సుకర్!" అని అరిచాను. చక్కెర, చక్కెర అని. "మైన్ ఫాటర్! డయాబెటిస్!" మా నాన్న, షుగర్ అని.

"యా, యా," అంది ఆవిడ. జిప్పు లాగిన చప్పుడు, సీసా మూత తిప్పిన చప్పుడు. తర్వాత చంటిపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా ఏదో చెబుతూ తాగించింది. నాన్న గుటక వేశారు. ఆ గుటక నాకు వినిపించింది. స్టీరింగ్ మీద తల పెట్టేశాను.

కాసేపటికి గీత గొంతు, ఏడుపు. ఆ తర్వాత అంబులెన్సు వాళ్ళ మాటలు. వేలు పొడిచి చూశారట, షుగర్ పైకి వస్తోందన్నారట. నాన్నే ఫోన్ తీసుకున్నారు.

"ఎలా ఉంది నాన్నా?"

"యాపిల్ రసం పోసిందమ్మా. మరీ తీపి."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. "అదృష్టం నాన్నా. ఆవిడ సమయానికి అటుగా వచ్చింది," అన్నాను.

"అటుగా రావడమేంటి? నువ్వు గీతతో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడే పలకరించింది, ఏమైనా కావాలా అని సైగ చేసింది. నువ్వు ఎవర్నీ కదపొద్దన్నావుగా, అక్కర్లేదని చెయ్యూపి పంపించేశా. మధ్యలో ఇంకోసారి వచ్చి సైగ చేసింది. మళ్ళీ పొమ్మన్నా. ఆవిడ పోలేదమ్మా. దూరంగా నా వెనకే నడుస్తూ వచ్చింది."

నా మాట విని మా నాన్న రెండుసార్లు తన ప్రాణాన్ని చెయ్యూపి పంపించేశారు.

"అక్కా," అంది గీత ఫోన్ తీసుకుని. "ఆవిడ ఇక్కడే ఉన్నారు, ఇంటికి వెళ్తానంటున్నారు. ఇస్తున్నా, మాట్లాడు."

"హలో?" అంది ఆవిడ.

ఆరేళ్ళు ఆ మనుషుల మధ్యే బతికినదాన్ని, కృతజ్ఞత చెప్పడానికి ఒక్క జర్మన్ ముక్క దొరకలేదు. అమ్మా, అమ్మా అంటూ తెలుగులోనే ఏడ్చాను. నేను ఆపేదాకా ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.